లవం సరే, హారం సంగతేంటి? మందుల మోతాదు లెక్కల్లో పొరపాట్లు పుట్టే చోటు

పిల్లలకు వాడే పారాసిటమాల్ ద్రవం మన మెడికల్ షాపుల్లో కనీసం మూడు గాఢతల్లో దొరుకుతుంది. డ్రాపర్‌తో వచ్చే బుల్లి సీసాలో ప్రతి 1 మి.లీ.కు 100 మి.గ్రా. మందు ఉంటుంది. మామూలు సిరప్‌లో ప్రతి 5 మి.లీ.కు 125 మి.గ్రా. కాస్త పెద్ద పిల్లలకని ఇచ్చే సిరప్‌లో అదే 5 మి.లీ.కు 250 మి.గ్రా. మూడింటి మీదా మందు పేరు ఒకటే. ఒకే కంపెనీవైతే అట్టపెట్టెలు కూడా అన్నదమ్ముల్లా ఉంటాయి. ఇళ్లల్లో మాత్రం గుర్తుండేది "పోయినసారి జ్వరమొచ్చినప్పుడు ఇంత పట్టించాం" అన్నదే. ఆ ఇంత అనేది మి.లీ.ల్లో ఉంటుంది. జ్వరం తగ్గించేది మి.గ్రా.లు.

పది కిలోల బిడ్డను తీసుకుందాం. కిలోకు 15 మి.గ్రా. చొప్పున ఒక డోసుకు 150 మి.గ్రా. కావాలి. డ్రాప్స్ అయితే 1.5 మి.లీ., 125 సిరప్ అయితే 6 మి.లీ., 250 సిరప్ అయితే 3 మి.లీ. మూడు జవాబులూ సరైనవే, దేని సీసాకు దాని జవాబు. సిరప్‌కు చెప్పిన 6 మి.లీ.ను డ్రాప్స్ సీసాలోంచి తీసి పట్టిస్తే బిడ్డ కడుపులోకి 600 మి.గ్రా. వెళ్తుంది. పెద్దవాళ్లు వేసుకునే 500 మాత్ర కంటే ఎక్కువ. నాలుగు డోసులుగా రోజంతా ఇవ్వాల్సింది ఒక్క గుటకలో అయిపోయినట్టు. ఇదే తికమక తిరగబడితే, డ్రాప్స్‌కు చెప్పిన 1.5 మి.లీ.ను 125 సిరప్‌లోంచి పడితే, అందేది 37.5 మి.గ్రా., అంటే సరిగ్గా పావు డోసు. జ్వరం దిగదు. మందు పనిచేయడం లేదనుకుని మర్నాడు ఇంకో మందు, ఆ మర్నాడు యాంటీబయాటిక్ మొదలవుతాయి. మొదటి రకం పొరపాటు ఆసుపత్రిదాకా వెళ్తుంది కాబట్టి బయటపడుతుంది. రెండోది ఎవరి లెక్కలోకీ రాదు.

ఈ లెక్కలో కష్టమేముంది? గుణకారం, భాగహారం, అంతే. ఐదో తరగతి పిల్లాడు చేసే త్రైరాశికం. "125 మి.గ్రా. 5 మి.లీ.లో ఉంటే, 150 మి.గ్రా. ఎన్ని మి.లీ.లో ఉంటుంది?" ఫార్మసీ పరీక్షల్లో విద్యార్థులు ఇలాంటివి వందల కొద్దీ చేస్తారు, మార్కులూ తెచ్చుకుంటారు. అయినా వార్డులో, షాపులో, ఇంట్లో తప్పులు జరుగుతూనే ఉంటాయి. పరీక్ష పేపర్లో గాఢతను లెక్క ఇచ్చినవాడే రాసి ఇస్తాడు. బయట దాన్ని సీసా మీద వెతుక్కోవాలి. సీసా మీద 125 పెద్దక్షరాల్లో ఉంటుంది, "ప్రతి 5 మి.లీ.లో" అన్నది చీమ తలకాయంత. లవం కంటికి కొడుతుంది, హారం దాక్కుంటుంది. మందుల లెక్కల్లో పొరపాట్లు చాలా వరకు ఆ హారం దగ్గరే పుడతాయి.

కాబట్టి సూత్రం ఒకటి చాలు. ఇవ్వాల్సిన మందును సీసాలో ఉన్న మందుతో భాగించి, ఆ మందు ఎంత ద్రవంలో ఉందో దానితో గుణించాలి. 150 ÷ 125 × 5 = 6 మి.లీ. అంకెల పక్కన ప్రమాణాలు కూడా రాస్తే మి.గ్రా.లు పైనా కిందా కొట్టేసుకుపోయి మి.లీ.లు మిగులుతాయి. జవాబుగా మి.లీ. రావాల్సిన చోట ఇంకేదో మిగిలితే ఎక్కడో తలకిందులైందని కాగితమే చెబుతుంది. అంకెలు మాత్రమే గీకి చేసే లెక్కకు ఆ సౌకర్యం లేదు.

శాతం, నిష్పత్తి

ఇంజక్షన్ల మీద గాఢత చాలాసార్లు శాతంలో ఉంటుంది. ద్రావణాల విషయంలో 1 శాతం అంటే 100 మి.లీ.లో 1 గ్రాము, అంటే మి.లీ.కు 10 మి.గ్రా. శాతాన్ని పదితో గుణిస్తే మి.లీ.కు ఎన్ని మి.గ్రా.లో వచ్చేస్తుంది. చర్మం మొద్దుబార్చడానికి ఇచ్చే లిగ్నోకెయిన్ 2 శాతమైతే మి.లీ.కు 20 మి.గ్రా. అడ్రినలిన్ కలవని లిగ్నోకెయిన్‌కు కిలోకు 4.5 మి.గ్రా. దాటకూడదన్న హద్దు పెట్టుకుంటే, 12 కిలోల పిల్లాడికి 54 మి.గ్రా. అంటే 2.7 మి.లీ. పెద్దవాళ్లకు కుట్లు వేసేటప్పుడు ఐదారు మి.లీ. అలవోకగా వాడే చేతికి ఈ హద్దు ఎంత దగ్గరో లెక్క వేస్తేనే తెలుస్తుంది.

ఇదే లెక్కతో గ్లూకోజ్ బాటిల్ సంగతి కూడా తేల్చవచ్చు. నీరసంగా ఉందని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి ఒక బాటిల్ ఎక్కించుకుంటే ఒంట్లోకి బలం వస్తుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. 5 శాతం డెక్స్‌ట్రోజ్ 500 మి.లీ. బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర. కేలరీల్లో వందకు అటూ ఇటూ. మూడు ఇడ్లీల్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది, సూది పోటు ఉండదు. 0.9 శాతం సెలైన్ అదే సైజు బాటిల్‌లో ఉండేది 4.5 గ్రాముల ఉప్పు.

శాతం కంటే మోసకారి నిష్పత్తి. అడ్రినలిన్ 1:1000 అంటే 1000 మి.లీ.లో 1 గ్రాము, అంటే మి.లీ.కు 1 మి.గ్రా. 1:10,000 అంటే మి.లీ.కు 0.1 మి.గ్రా. పెద్ద అంకె ఉన్నది పలుచటి మందు. హడావిడిలో మెదడు దీన్ని తిరగేసి చదువుతుంది. తీవ్రమైన అలర్జీలో పెద్దవాళ్లకు తొడ కండరంలో ఇచ్చే 0.5 మి.గ్రా. అంటే 1:1000 మందు ఉన్న 1 మి.లీ. ఆంప్యూల్‌లో (విరిచి తెరిచే బుల్లి గాజు సీసాలో) సగం. గుండె ఆగినప్పుడు నరంలో ఇచ్చే 1 మి.గ్రా. అంటే 1:10,000 ద్రావణం 10 మి.లీ. మన దగ్గర 1 మి.లీ. ఆంప్యూల్‌కు 9 మి.లీ. సెలైన్ కలిపి దీన్ని తయారు చేసుకుంటారు. ఒకే మందు, పది రెట్ల తేడా, రెండూ ప్రాణం మీదికొచ్చిన క్షణాల్లో వాడేవే. ఈ గొడవ పడలేకే అమెరికాలో 2016 నుంచి ఒకే మందు ఉన్న ఇంజక్షన్ల లేబుళ్ల మీద నిష్పత్తి రాయడం మానిపించి, మి.లీ.కు ఎన్ని మి.గ్రా.లో రాయిస్తున్నారు. చేయాల్సిన పనే. పళ్ల డాక్టర్లు వాడే లిగ్నోకెయిన్‌లో మాత్రం అడ్రినలిన్ ఇప్పటికీ 1:80,000, 1:2,00,000 అని కనిపిస్తుంది. మొదటిది మి.లీ.కు 12.5 మైక్రోగ్రాములు, రెండోది 5.

పలుచన చేసేటప్పుడు

గర్భిణికి ఫిట్స్ వచ్చినప్పుడు ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ఈ లెక్కలన్నిటికీ మంచి ఉదాహరణ. మనకు దొరికే ఆంప్యూల్ 50 శాతం, 2 మి.లీ. పదితో గుణిస్తే మి.లీ.కు 500 మి.గ్రా., ఆంప్యూల్‌కు 1 గ్రాము. ప్రిచర్డ్ పద్ధతిలో మొదటి డోసు మొత్తం 14 గ్రాములు. నరంలోకి 4 గ్రాములు మెల్లగా, ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున లోతుగా కండరంలోకి 10 గ్రాములు. అంటే 14 ఆంప్యూల్స్ విరగ్గొట్టాలి. ఒక్కో పిరుదుకు 10 మి.లీ. మందు చూసి కొత్త నర్సు గుండె ఝల్లుమంటుంది. లెక్క తెలియకపోతే అంత ఇవ్వడానికి చేయి రాదు, సగం ఇచ్చి ఊరుకుంటారు.

నరంలోకి ఇచ్చే 4 గ్రాముల దగ్గర ఇంకో మెలిక ఉంది. 50 శాతం ద్రావణాన్ని అలాగే ఎక్కించకూడదు, 20 శాతానికి పలుచన చేయాలి. పలుచన చేసినా అందులోని మందు మారదు, నీళ్లే పెరుగుతాయి. కాబట్టి ముందు గాఢత × ముందు పరిమాణం = తర్వాత గాఢత × తర్వాత పరిమాణం. 4 గ్రాములంటే 8 మి.లీ. 50 × 8 = 400. దాన్ని 20తో భాగిస్తే 20 మి.లీ. అంటే 8 మి.లీ. మందుకు 12 మి.లీ. సెలైన్ కలిపి మొత్తం 20 చేయాలి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 20 మి.లీ. వరకు కలపడం వేరు, 20 మి.లీ. కలపడం వేరు. రెండోది చేస్తే మొత్తం 28 మి.లీ. అయి గాఢత 14 శాతం చిల్లరకు పడిపోతుంది. మొత్తం ఎక్కిస్తే నాలుగు గ్రాములూ వెళ్తాయి, ముప్పు తప్పుతుంది. 20 మి.లీ. సిరంజిలో పట్టినంత ఎక్కించి మిగతాది పారబోస్తే మూడు గ్రాములు కూడా వెళ్లవు.

ఇంటికి, ఆసుపత్రి నేలకు క్రిములు చావడానికి వాడే హైపోక్లోరైట్‌కూ ఇదే సూత్రం. 5 శాతం సీసాను 1 శాతం చేయాలంటే ఒక వంతు మందుకు నాలుగు వంతుల నీళ్లు. ఐదు వంతులు కాదు.

పొడి సిరప్‌లలో ఈ చిక్కు వేరే రూపంలో వస్తుంది. అమాక్సిసిలిన్ లాంటి మందు 30 మి.లీ. సీసాలో పొడిగా వస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు గీత వరకు పోయమంటారు, 30 మి.లీ. పోయమనరు. ఎందుకంటే పొడి కూడా చోటు ఆక్రమిస్తుంది. 30 కొలిచి పోస్తే గీత దాటి గాఢత తగ్గుతుంది. ఒకేసారి గీతదాకా నింపి తర్వాత కుదిపితే నురగ అణిగి, అడుగున గడ్డకట్టిన పొడి కరిగి మట్టం దిగిపోతుంది. అందుకే ముందు సీసా తట్టి పొడిని వదులు చేయడం, సగం నీళ్లు పోసి కుదపడం, ఆ తర్వాత గీతకు తేవడం. వయల్స్‌లో వచ్చే పొడి ఇంజక్షన్లకూ ఇదే వర్తిస్తుంది. పెద్దవాళ్లకు మొత్తం వయల్ ఇచ్చేస్తారు కాబట్టి తేడా రాదు. నెలల బిడ్డకు అందులోంచి కొంత మాత్రమే తీయాల్సి వచ్చినప్పుడు పొడి ఆక్రమించిన ఆ కాస్త చోటును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇన్సులిన్: సీసా ఒకటి, సిరంజి ఇంకోటి

మన దేశంలో మామూలు ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువ భాగం మి.లీ.కు 40 యూనిట్లవి. పెన్నులు, వాటిలో వేసే కార్ట్రిడ్జ్‌లు, కొన్ని కొత్త రకం సీసాలు మి.లీ.కు 100 యూనిట్లవి. సిరంజిలు కూడా రెండు రకాలు. ఎర్ర మూత ఉన్నది 40 యూనిట్ల సీసాకు తగిన యు-40, నారింజ మూతది 100 యూనిట్ల సీసాకు తగిన యు-100. సిరంజి మీది గీతలు యూనిట్లని అందరికీ తెలుసు. ఆ యూనిట్లు ఏ సీసాకు యూనిట్లన్నదే మరుగున పడుతుంది. నిజానికి సిరంజి కొలిచేది మి.లీ.లనే. యు-40 సిరంజిలో 20 గీత అంటే అర మి.లీ., యు-100 సిరంజిలో 20 గీత అంటే 0.2 మి.లీ.

పెన్ను సూదులు అయిపోయాయని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకు లాగితే వచ్చేది అర మి.లీ., అందులో 50 యూనిట్లు. డాక్టరు రాసిన దానికి రెండున్నర రెట్లు. అర్ధరాత్రి చెమటలు పట్టి, మాట తడబడి, మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. తిరగేస్తే, 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీతకు తీస్తే 8 యూనిట్లే.

ఈ రెండో తికమక విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు నేరుగా తగులుతుంది. ఆరు నెలలకు సరిపడా ఇన్సులిన్ సీసాలు ఇక్కణ్నుంచే కట్టుకుని వెళ్తారు. సిరంజిలు అయిపోతే అక్కడ కొంటారు. అమెరికాలో దొరికేవి యు-100 సిరంజిలు. అదే సీసా, అదే 20 గీత. చేరేది మాత్రం ఐదింట రెండు వంతులు. షుగరు పెరుగుతుంది. తిండి మారిందని, నడక తగ్గిందని, చలి అని కారణాలు వెతుకుతారు. డోసు పెంచి 30, 40 గీతకు వెళ్తారు. తిరిగొచ్చాక ఆ పెంచిన అంకెనే ఎర్ర మూత సిరంజితో తీసుకున్న రోజున అసలు ప్రమాదం. తప్పనిసరై అలాంటి సిరంజి వాడాల్సి వస్తే లెక్క ఉంది: 40 సీసాలోంచి 20 యూనిట్లంటే అర మి.లీ., అది యు-100 సిరంజిలో 50 గీత. అయినా ఇంట్లో రోజూ ఈ లెక్క వేయడం కంటే తగిన సిరంజిలు కూడా కట్టుకుని వెళ్లడమే మేలు. ప్రయాణాల్లో రీడింగుల లెక్కా మారుతుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా మీటర్లలో షుగరు 7 అని వస్తే భయపడనక్కర్లేదు. దాన్ని 18తో గుణిస్తే మన లెక్కలో 126.

యూనిట్ అన్న మాటను గ్రాములాగా అన్ని మందులకూ ఒకే కొలతగా తీసుకోకూడదు. విటమిన్ డి 40 యూనిట్లు ఒక మైక్రోగ్రాము. వారానికోసారి వేసుకోమనే 60,000 యూనిట్ల సాషే అంటే 1500 మైక్రోగ్రాములు, అంటే ఒకటిన్నర మి.గ్రా. చిటికెడు కూడా కాదు. పసిపిల్లలకు రోజుకు 400 యూనిట్లంటే 10 మైక్రోగ్రాములు. సాషేను రోజూ వేసుకుంటే ఆ అంకెల మధ్య దూరం ఎంతో చెప్పనక్కర్లేదు. ఆరోగ్య కేంద్రాల్లో పిల్లలకు వేసే విటమిన్ ఎ ద్రావణం మి.లీ.కు లక్ష యూనిట్లు. తొమ్మిది నెలలప్పుడు 1 మి.లీ., ఆ తర్వాత ఆరు నెలలకోసారి 2 మి.లీ. దానితో వచ్చే కొలత చెంచా 2 మి.లీ.ది, సగం గీత 1 మి.లీ. అక్కడ లెక్కంతా చెంచాలోనే చేసి పెట్టారు, వాడేవాళ్లకు వదల్లేదు. మంచి ఏర్పాటు.

ఇనుము మాత్రల్లో ఇంకో రకం హారం దాగుంటుంది. ఫెర్రస్ సల్ఫేట్ 200 మి.గ్రా. మాత్రలో ఇనుము 60 మి.గ్రా. చిల్లర, మిగతాది సల్ఫేట్. ఒక మాత్ర మీద లవణం బరువు, ఇంకో దాని మీద ఇనుము బరువు రాసి ఉంటే 200 మాత్ర 100 మాత్రకు రెట్టింపనుకోవడం సహజం. అది నిజం కాకపోవచ్చు.

సెలైన్ చుక్కలు

వార్డులో రోజూ అవసరమయ్యే లెక్క చుక్కలది. ఇవ్వాల్సిన మి.లీ.లను, సెట్టు (సెలైన్ ఎక్కించే గొట్టం) మి.లీ.కు ఎన్ని చుక్కలు వేస్తుందో ఆ సంఖ్యతో గుణించి నిమిషాలతో భాగించాలి. లీటరు సెలైన్ 8 గంటల్లో వెళ్లాలి, సెట్టు మి.లీ.కు 20 చుక్కలది అనుకుంటే: 1000 × 20 ÷ 480 = దాదాపు 42 చుక్కలు నిమిషానికి. మి.లీ.కు ఎన్ని చుక్కలో సెట్టు కవరు మీదే ఉంటుంది, కవరును చింపిన వెంటనే చెత్తబుట్టలో పడేస్తారు. పిల్లలకు వాడే మైక్రో సెట్టు మి.లీ.కు 60 చుక్కలది. దీనిలో ఒక సుఖం ఉంది. గంటకు ఎన్ని మి.లీ.లో నిమిషానికి అన్ని చుక్కలు. అదే 42 చుక్కలు మైక్రో సెట్టులో పెడితే లీటరు దిగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది.

ఐసీయూలో పంపుతో ఇచ్చే మందులకు ఈ గొలుసు పొడుగు. పడిపోయిన బీపీని నిలబెట్టే డోపమైన్ ఆంప్యూల్ 200 మి.గ్రా.ను 50 మి.లీ. చేస్తే మి.లీ.కు 4 మి.గ్రా. 60 కిలోల రోగికి నిమిషానికి కిలోకు 5 మైక్రోగ్రాములంటే నిమిషానికి 300 మైక్రోగ్రాములు, గంటకు 18,000, అంటే 18 మి.గ్రా. 4తో భాగిస్తే గంటకు 4.5 మి.లీ. ఇందులో మైక్రోగ్రాములు మి.గ్రా.లవుతాయి, నిమిషాలు గంటలవుతాయి. నిమిషాలను మరిచిపోతే జవాబు అరవయ్యో వంతు, వెయ్యిని మరిచిపోతే వెయ్యి రెట్లు. వెయ్యి రెట్ల తప్పును చూడగానే పట్టుకోవచ్చు. పది రెట్ల తప్పు మాత్రం నమ్మదగినట్టే కనిపిస్తుంది. అందుకే దశాంశ బిందువుల, కొలతల రాతకు కట్టుబాట్లు పెట్టుకున్నారు: 0.5లో ముందు సున్నా రాయాలి, 5.0లో వెనక సున్నా రాయకూడదు, మైక్రోగ్రామును పొట్టి గుర్తుతో కాకుండా పూర్తిగా రాయాలి. ఇంగ్లిషులో యూనిట్లకు రాసే ఒంటి అక్షరం U 10 పక్కన పడితే సున్నాలా కనిపించి వంద అయి కూర్చుంటుంది.

డి.ఫార్మసీ పుస్తకాల్లో ఇప్పటికీ కనిపించే యంగ్ సూత్రం గురించి ఒక మాట. వయసును వయసు ప్లస్ 12తో భాగించి పెద్దవాళ్ల డోసుతో గుణించమంటుంది. నాలుగేళ్ల పిల్లాడికి పావు వంతు. తూకం యంత్రం దొరకని రోజుల్లో అది తెలివైన ఉపాయమే. ఇవాళ మన పిల్లల్లో నాలుగేళ్లకు 11 కిలోలున్నవాళ్లూ ఉన్నారు, 20 కిలోలున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ ఒకే డోసు చెప్పే సూత్రాన్ని పరీక్ష కోసం నేర్చుకుని అక్కడితో వదిలేయడం మంచిది.

లెక్క పూర్తయ్యాక జవాబును అనుమానించే అలవాటు అనుభవజ్ఞులైన నర్సులకు, ఫార్మసిస్టులకు ఉంటుంది. తయారీదారు ఒక ఆంప్యూల్‌ను సాధారణంగా ఒక పెద్ద మనిషి డోసుకు దగ్గరగా చేస్తాడు. ఒక పసిబిడ్డ కోసం మూడు ఆంప్యూల్స్ తెరవాల్సి వస్తే, లేదా పెద్దమనిషికి ఆంప్యూల్‌లో ఇరవయ్యో వంతు చాలని తేలితే లెక్క మళ్లీ మొదటినుంచి చేయాలి. మెగ్నీషియంలా పద్నాలుగు నిజంగానే కావాల్సినవీ ఉంటాయి, కాబట్టి అనుమానం వచ్చినంత మాత్రాన తప్పని తేల్చకూడదు. ప్రమాదకరమైన మందులకు ఇద్దరు విడివిడిగా లెక్క వేయాలని మంచి ఆసుపత్రుల్లో నియమం ఉంది. ఆచరణలో అది ఎలా జారిపోతుందంటే, మొదటి నర్సు సిరంజిలో మందు లాగేసి పక్కనున్న ఆమెకు చూపించి "అక్కా, ఎనిమిది కదా?" అంటుంది. అవతలి పేషెంటు బీపీ చూస్తున్న అక్క తల ఊపుతుంది. కేసు షీట్లో రెండు సంతకాలు పడతాయి, లెక్క మాత్రం ఒకసారే జరిగింది. ఖాళీ ఆంప్యూల్‌ను, డాక్టరు రాసిన కాగితాన్ని రెండో మనిషి చేతికిచ్చి "ఎన్ని మి.లీ. తీయాలి?" అని అడగడానికి పట్టే సమయం అర నిమిషం.